పెట్టె చూపించని సూది

జ్ఞానసుందరి వేసే సూది నొప్పెట్టదని రాజాంలో పేరు. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఒక్కేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి 2011లో రిటైరైంది. ఆ తర్వాత కూడా చుట్టుపక్కల జనం డాక్టరు రాసిన చీటీ, మందు పట్టుకుని ఆమె ఇంటికే వచ్చేవారు. చీటీ లేనివాళ్లను గుమ్మం దగ్గరే తిప్పి పంపేసేది. చీటీ ఉన్నా సరే, సీసా మీద పేరూ తేదీ వాళ్ల చేత చదివించి, చదువు రానివాళ్లకు తానే చదివి వినిపించి, అప్పుడు మూత తీసేది. వచ్చినవాళ్లకు అదంతా చాదస్తంగా ఉండేది. "మీ సెయ్యి మంచిదమ్మా, మందుదేటున్నాది" అనేవారు. ఈ వైపు జనానికి హస్తవాసి మీద అంత నమ్మకం. సూది ఎవరు వేశారని అడుగుతారు గానీ ఏం వేశారని అడగరు. ఆ మాటకు జ్ఞానసుందరి పైకి కసిరినా, లోపల ఆమెకూ ఇష్టంగానే ఉండేది.

2017 ఆగస్టులో ఒక మధ్యాహ్నం మూడింటికి ధనలక్ష్మి చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వచ్చింది. వీధి చివర ఉంటుంది. బంగారం కొట్టులో పన్నెండేళ్లుగా హారాల కౌంటరు చూసేది. జూన్‌లో షావుకారు ఆమెను వెనకవైపు వెండి సామాను దగ్గరికి మార్చి, హారాల కౌంటర్లో ఇరవై రెండేళ్ల పిల్లను నిలబెట్టాడు. "మొహం అలిసిపోయినట్టుంది, పెళ్లి బేరాలకు కళగల మొహం ఉండాలి" అన్నాడట. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోనివ్వకుండా పన్నెండేళ్లు నిలబెడితే ఏ మొహం అలిసిపోదని ఆయన్ను అడిగినవాళ్లు లేరు.

"ఏటైందే ధనం?"

ధనలక్ష్మి కొంగు తీసింది. కుడివైపు ముక్కు పక్క నుంచి పై పెదవి దాకా చర్మం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. దాని చుట్టూ చెంప మీద ఊదారంగు గీతలు వలలా పరుచుకుని ఉన్నాయి.

"పదకొండు గంటలకి సూదేయించుకున్నాను సిస్టరమ్మా. ముక్కు పక్క గీతలు నిండిపోతాయంటే. ఎడంపక్క బాగానే ఉన్నాది. ఇటుపక్క ఏసినకాడ్నించి పీకేస్తన్నాది."

"ఎక్కడేయించుకున్నావు?"

"పద్మకుమారి పార్లర్లో."

"ఇలాగ తెల్లబడిందని దానికి సెప్పేవా?"

"ఫోన్ చేసేను. ఐసు ఎట్టుకో, సాయంత్రానికి తగ్గిపోద్ది అన్నాది. అప్పట్నుంచీ ఐసే ఎట్టుకుంటన్నాను."

జ్ఞానసుందరి ఎడమ చెంప మీద వేలు నొక్కి వదిలింది. రెండు సెకన్లలో ఎరుపు తిరిగొచ్చింది. కుడివైపు నొక్కి వదిలి ఏడు దాకా లెక్కపెట్టింది. రాలేదు. లోపలికి ఎక్కించిన మందు రక్తనాళానికి అడ్డం పడింది. రక్తం నడవక ఆ చర్మం చచ్చిపోతోంది. నాలుగు గంటలుగా పెడుతున్న ఐసు, ఉన్న నాళాలను ఇంకా ముడిచేసింది.

"ఐసు అవతల పారెయ్యి. కళ్లు సరిగ్గా కనిపిస్తున్నాయా? ఒక్కోటి మూసి సూడు."

"కనిపిస్తన్నాయి."

జ్ఞానసుందరి గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, చెంపకు ఆనించింది.

"ఏ మందేసింది?"

"ఏటో జెల్లంట. బొంబాయి నుంచి వస్తాదంట."

"బాక్సు సూసేవా?"

"లేదు."

"ముక్కుపుడక కొన్నదానికి కూడా హాల్‌మార్కు సూపించి అమ్ముతావు కదే. నీ ముక్కు పక్కన ఏటి ఎక్కిస్తన్నారో అడగడానికి నోరు రాలేదా?"

"అడుగుదామనే అనుకున్నాను" అంది ధనలక్ష్మి. "సిస్టరమ్మగారే నాకు నేర్పించారని సెప్పింది. మీ పేరు సెప్పినాక ఇంకేటి అడుగుతాను?"

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు.

ఏప్రిల్‌లో పద్మకుమారి సంచి నిండా తాటి ముంజలు పట్టుకుని వచ్చింది. మొహానికి సూదులు వేయడం మొదలుపెడుతున్నానని, వారానికి రెండు రోజులు వచ్చి మీ చేత్తో వేస్తే రాజాం అంతా నా దగ్గరికే వస్తుందని అంది. డాక్టరెవరని జ్ఞానసుందరి అడిగింది. "డాక్టరెందుకమ్మా, వైజాగ్ హోటల్లో మూడ్రోజులు క్లాసు చేసేను, నాకు సర్టిఫికెట్టున్నాది" అంది పద్మకుమారి. జ్ఞానసుందరి కుదరదని చెప్పేసింది. అక్కడితో పంపేస్తే సరిపోయేది. "పోనీ, నొప్పి తెలీకుండా ఎలాగేస్తారో ఒక్కసారి సూపించండమ్మా. ఎవుల్నడిగినా మీ సేతి గురించే సెప్తారు" అంది పద్మకుమారి. అంతే. జ్ఞానసుందరి ఖాళీ సిరంజి తీసి, తలగడ మీద పది నిమిషాలు చూపించింది. ఏ వాలులో పట్టుకోవాలో, ఎంత మెల్లగా తొయ్యాలో చెప్పింది. పొగడ్తకు పడిపోయి చేసిన పని అది. ఈమె డాక్టరు లేకుండా సూదులు వేయబోతోందని ఆ తర్వాత ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. తెచ్చిన ముంజలు కూడా తింది.

జ్ఞానసుందరి తడిగుడ్డను ధనలక్ష్మి చేతికిచ్చి, విజయనగరంలో తనకు తెలిసిన చర్మం డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన రెండు ప్రశ్నలడిగి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"హైలురానిక్ జెల్లయితే కరిగించే ఇంజక్షన్ ఉంది సిస్టర్. మీకు తెలిసిందే, కంటి ఆపరేషన్లలో మత్తుమందుతో కలుపుతారు. పక్క కంటాసుపత్రి నుంచి తెప్పించి పెడతాను. సిలికాన్ లాంటిదేదైనా అయితే దాన్ని కరిగించేది లేదు. పెట్టె దొరికితే పట్టుకురండి. దొరక్కపోతే దానికోసం కూర్చోవద్దు, బయల్దేరండి. ప్రతి గంటా లెక్కే."

ధనలక్ష్మి మొగుడు గిరిబాబు అద్దె కారు తోలతాడు. పది నిమిషాల్లో వచ్చాడు. భార్య మొహం చూసి, "మొహానికి సూదేటి? మొహానికేటి రోగం?" అన్నాడు.

"తర్వాత తిట్టుకుందువు గాని, ముందు పార్లరుకి పోనీ" అంది జ్ఞానసుందరి.

పార్లరులో పద్మకుమారి సర్టిఫికెట్టు అద్దం బిగించి గోడకుంది. కుర్చీలో ఒకామె మొహానికి తిమ్మిరి క్రీము రాసుకుని కూర్చుని ఉంది.

"రండమ్మా, రండి" అంది పద్మకుమారి.

"ధనానికి ఏసిన మందు బాక్సు ఇయ్యి."

"కొంతమందికి అలాగ తెల్లబడతాదమ్మా. కంగారుపడకండి. టీ తాగుతారేటి?"

"నీ టీ తగలెయ్య. బాక్సు ఇయ్యి."

"బాక్సులు ఎప్పటికప్పుడు పారేస్తామమ్మా."

జ్ఞానసుందరి చెత్తబుట్ట ఎత్తి నేల మీద బోర్లించింది. దూది, వెంట్రుకలు, వాడేసిన మైనం పట్టీలు. పెట్టె లేదు. గోడవారగా చిన్న ఫ్రిజ్ కనిపించింది. పద్మకుమారి అడ్డం రాబోయి ఆగిపోయింది. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు సీసా, ముల్తానీ మట్టి ముద్ద, వాటి పక్కన ఒక అట్టపెట్టె. పెట్టెలో సిరంజి. సిరంజిలో సగం జెల్లు ఇంకా ఉంది.

"ఇది ధనానికి ఏసిందేనా?"

పద్మకుమారి ఫ్రిజ్ తలుపు మూసేసింది.

"మిగిలింది ఈవిడకి దాచేవా?" కుర్చీలో కూర్చున్నామె వైపు చూపిస్తూ అడిగింది.

"సూది మారుస్తానమ్మా, మందే కదా. అంత ఖరీదైంది పారబొయ్యమంటారేటి?"

"ఒకరి నెత్తురు తగిలిన సిరంజి ఇంకొకరికి పెట్టకూడదని మూడ్రోజుల క్లాసులో సెప్పలేదా? నాలుగో రోజు సెప్తామన్నారా?"

కుర్చీలో ఉన్నామె లేచి నిలబడింది. జ్ఞానసుందరి కళ్లద్దాలు పెట్టుకుని పెట్టెను వెలుతురు వైపు తిప్పింది. ఒకవైపు ఏ దేశం అక్షరాలో. దేశంలోకి ఎవరు తెప్పించారో చెప్పే కాగితం చింపేసి ఉంది. గడువు ఎనిమిది నెలల కిందటే అయిపోయింది. అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో హైలురానిక్ అని ఉంది. ఆ పెట్టె మీది మాటను ఎంతవరకు నమ్మాలో తెలియకపోయినా, నమ్మడానికి ఉన్నది అదొక్కటే. పెట్టె, సిరంజి సంచిలో వేసుకుంది.

"తేడా వస్తే ఇది కరిగించే మందు నీ దగ్గర ఉందా?"

"అలాంటిదొకటి ఉంటాదేటమ్మా?" అంది పద్మకుమారి. ఆమెకు నిజంగానే తెలియదు.

లేచి నిలబడినామె టవలుతో క్రీము తుడుచుకుంటూ, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

కారు చీపురుపల్లి దాటేదాకా గిరిబాబు నోరు ఆగలేదు. "నీకీ వయసులో ఇదేం సోకే. నన్నొక్క మాట అడిగేవా" అంటూనే ఉన్నాడు.

వెనక సీట్లో వెచ్చటి గుడ్డ పట్టుకుని కూర్చున్న ధనలక్ష్మి చివరికి అంది. "ఎండి సామాన్లకాడ నిలబడ్డది నువ్వా, నేనా? ఆ పిల్ల నా కౌంటర్లో నిలబడితే రోజూ సూసింది నువ్వా, నేనా? రోడ్డు సూసి తోలు."

గిరిబాబు రోడ్డు చూసి తోలాడు.

ఐదుంపావుకు డాక్టరు మొదటి విడత కరిగించే మందు ఎక్కించాడు. తర్వాత గంటకోసారి. రెండోసారి తర్వాత కూడా తెలుపు తెలుపుగానే ఉంది. మూడోసారి తర్వాత జ్ఞానసుందరి వేలు నొక్కి వదిలితే, నాలుగు లెక్కపెట్టేసరికి పెదవి మీద ఎరుపు వచ్చింది. చెంప మీద వల పలచబడింది. ముక్కు రంధ్రం పక్కన మాత్రం కందిగింజంత మేర రంగు రాలేదు. రెండు రోజుల్లో అది నల్లబడి, ఊడి, గుంట పడింది. ఆ గుంట ఇక ఉంటుందని డాక్టరు చెప్పాడు.

"పొద్దుటిదాకా ఆగి ఉంటే ముక్కు పక్కంతా పోయేది" అన్నాడాయన. "కంటివైపు నాళంలోకి పోయి ఉంటే చూపు పోయేది. అప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ. డాక్టరు చేతిలో కూడా ఇలా జరగొచ్చమ్మా. కానీ జరిగిందని గుర్తుపట్టేవాడు, కరిగించే మందు దగ్గర పెట్టుకున్నవాడు ఎదురుగా ఉండాలి. ఐసు పెట్టుకోమని ఫోన్లో చెప్పేవాళ్లు కాదు."

నాలుగో రోజు ధనలక్ష్మి ముక్కు పక్కన కట్టుతో జ్ఞానసుందరి ఇంటికొచ్చింది. శ్రీకాకుళంలో జిల్లా వైద్యాధికారికి ఇవ్వడానికి ఫిర్యాదు రాసి తెచ్చింది. డాక్టరు చీటీ నకలు, పెట్టె ఫోటో జత చేసింది. గిరిబాబు కారు దగ్గర నిలబడ్డాడు. జ్ఞానసుందరి ఫిర్యాదు మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇందులో నా పేరు లేదేటే?"

"మీరేటి చేసేరని సిస్టరమ్మా? నా మొహం నిలబెట్టింది మీరు."

"నా పేరు సెప్తేనే కదా నువ్వు బాక్సు అడగడం మానేసేవు. రాయి."

"మీ పేరు రాస్తే రేపు మీకాడికి సూదికి ఎవులొస్తారు?"

"రాకపోతే మానేస్తారు. రాయి."

ధనలక్ష్మి పెన్ను పట్టుకుని కూర్చుంది గానీ రాయలేదు. జ్ఞానసుందరి కాగితం లాక్కుని, ధనలక్ష్మి సంతకం పైన మిగిలిన జాగాలో తన చేత్తోనే రాసింది: "సిరంజి పట్టుకోవడం పద్మకుమారికి ఏప్రిల్‌లో నా ఇంట్లో నేనే చూపించాను. డాక్టరు లేకుండా సూదులు వేయబోతోందని అప్పటికే నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు." కింద పూర్తి పేరు, స్టాఫ్ నర్సు, రిటైర్డు అని రాసి సంతకం చేసింది. చెప్పులేసుకుని, గిరిబాబును కారు తియ్యమంది.