ఊపిరి బిగబట్టని ఎకో అక్క

మా ఎకో అక్కకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఆమె ముఖం మీదే చాలాసార్లు అన్నాను. ఆమె కూడా కాదనలేదు. "నాకు కాక నీకుంటుందా? పేర్లు పిలిచేదానివి, నీకు పోటీ ఎవరొస్తారే?" అని నన్నే దెప్పింది.

ఎకో అంటే గుండెకు తీసే స్కాను. ఆ గదుల ముందు బల్ల దగ్గర కూర్చుని రోగుల్ని వరసగా లోపలికి పంపడం నా పని. నా ఎడమవైపు గది అక్కది. అక్కడ మంచం అంచున కూర్చుని, రోగి పక్కటెముకల మధ్య జెల్లు రాసిన ప్రోబును, అంటే గుండెను తెర మీద చూపించే పిడిని, నొక్కి పట్టుకుని జీవితంలో సగం గడిపేసింది. ఆ పనికి కుడి భుజం ఒక పక్కకు ఒరిగిపోయింది. నలుపు తెలుపు నీడల్లో గుండె కొట్టుకుంటుంటే, ఏ గోడ బద్ధకిస్తోందో ఏ వాల్వు కారుతోందో చెప్పేది. ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరుగారు రిపోర్టు వచ్చేదాకా ఆగలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, "ఏమంటావమ్మా?" అని అడిగేవారు. ఆ ఒక్క మాటతో అక్క ఆ పూటంతా గాల్లో తేలేది.

తరువాత కుడివైపు గదిలోకి త్రీడీ మిషను వచ్చింది. దాంతోపాటు దాని పని నేర్చుకున్న ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది, అందరినీ మీరు అంటుంది. తిట్టడానికి ఒక్క వంక కూడా దొరకలేదు, అక్కకు అసలు మంట అదే. త్రీడీలో గుండె నీడలా ఉండదు. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసినట్టు, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. పెద్ద డాక్టరుగారు ఇప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చి కుడివైపు తిరిగేవారు. ఆయన అటు తిరిగినప్పుడల్లా ఎడమ గది తలుపు ధడాల్న పడేది.

"ఎంతసేపున్నారే లోపల?" అని నన్ను ఆరా తీసేది.

"కాఫీ తాగినంతసేపు."

"కూర్చున్నారా?"

"కూర్చున్నారు."

"నా దగ్గర ఏనాడైనా కూర్చున్నారా ఆయన?" అని మూతి తిప్పుకునేది.

ఇంట్లోనూ ఇదే గోల. ఆమె భర్త టైలరు, ఓపిక గల మనిషి. అలాంటివాడు కూడా, "ఆ పిల్ల ఊసు లేకుండా ఒక్క ముద్దయినా మింగలేవా?" అని ఒకరోజు కంచం ముందు నుంచి లేచిపోయాడట.

అక్క కుళ్ళుకు ఒక్కటే ఊరట. ఆ మిషను ఒక్కో గుండె చప్పుడులో ఒక్కో ముక్క తీసుకుని, వాటన్నిటినీ కలిపి ఒక బొమ్మ చేస్తుంది. ఆ కాసేపు రోగి ఊపిరి బిగబట్టాలి. ఊపిరి కదిలిందా, ముక్కలు ఒకదానితో ఒకటి కలవవు, బొమ్మ మీద గీతలు పడతాయి. "మా ఆయన ఇలా అతుకులేసి కుడితే జాకెట్టు మొహాన కొడతారు" అని అక్క తెగ సంబరపడేది.

అంతలో అక్కకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నన్ను తలుపు దగ్గర కాపలా పెట్టి, తన మంచం మీద తనే ఎడమవైపు తిరిగి పడుకుని, తన ప్రోబు తనే పెట్టుకుంది. మెడ సాచి తెర చూసింది. ప్రోబు అటూ ఇటూ జరిపి మళ్ళీ చూసింది.

"వాల్వు రేకును పట్టుకునే దారం తెగినట్టుందే. రక్తం వెనక్కి తంతోంది" అంది చివరికి.

ఆపరేషన్ తప్పదన్నారు పెద్ద డాక్టరుగారు. చెడింది ఒక్కచోటే అయితే సొంత వాల్వునే బాగుచేస్తారు. లేదంటే దాన్ని తీసేసి లోహపు వాల్వు పెట్టాలి, ఇక బతికినంత కాలం రక్తం గడ్డకట్టకుండా మాత్రలు మింగాలి. "త్రీడీ తీయించుకో అమ్మా, అది చూసి చెబుతాను" అన్నారు. అక్క మొహం మాడిపోయింది. ఆపరేషన్ అన్నప్పుడు కూడా అంత మాడలేదు.

నన్ను తోడు తీసుకుని కుడి గదిలోకి వెళ్ళింది. చల్లగా తగలకుండా అమ్మాయి జెల్లును ముందే వెచ్చబెట్టి ఉంచింది. "మర్యాదలకేం తక్కువ లేదు" అని అక్క నాకు మాత్రం వినిపించేలా గొణిగింది.

"గాలి వదిలేసి, ఊపిరి అలాగే ఆపండక్కా."

బొమ్మ వచ్చింది, దాని మీద గీతలు. "పర్వాలేదక్కా, ఇంకోసారి." మళ్ళీ గీతలు. ఆ తరువాతా అంతే. లోపం తన చేతిలోనే ఉందనుకుని అమ్మాయి ప్రోబు జరిపింది, ఏవో బటన్లు మార్చింది. నుదుటి మీద చెమట పట్టింది. నేను తెర చూడడం మానేసి, అక్క పొట్ట మీది దుప్పటిని చూశాను. సరిగ్గా అమ్మాయి బటను నొక్కే సమయానికి అది మెల్లగా పైకి లేచింది. ఊపిరి కదిపిన రోగుల్ని నా బల్లదాకా వినిపించేలా కసిరే మనిషి, కావాలని గాలి పీలుస్తోంది.

"నీ మిషను ఇంతేనా పిల్లా?" అంది. ఆ గొంతులో సంతోషం నేను పోల్చుకున్నాను.

"మిషను మంచిదే అక్కా, నాకే చేతకావడం లేదు" అంది అమ్మాయి. "ఇది రాకపోతే మీకు గొంతులోంచి గొట్టం దించి తీయాలి. పాపం, మీకు కష్టం. నావల్లే కాలేదని డాక్టరుగారితో నేను చెబుతాను."

నాకు ఒళ్ళు మండింది. అక్క చెవి దగ్గరికి వంగి, "నీ కుళ్ళు తగలెయ్యా! అది ఆ పిల్ల గుండె కాదక్కా, నీది" అన్నాను.

నన్ను నమిలి మింగేసేలా చూసింది. తరువాత కళ్ళు మూసుకుని, "ఊ, కానివ్వు" అంది.

ఈసారి దుప్పటి కదలలేదు. ఒక్క గీత లేకుండా వచ్చింది బొమ్మ. అమ్మాయి దాన్ని తిప్పి వాల్వును పైనుంచి చూపించింది. రెండు రేకులు చేప నోరులా తెరుచుకుని మూసుకుంటున్నాయి. వెనక రేకు నడుమ ఒకచోట ఉబ్బెత్తుగా ఉంది, అక్కడ తెగిన పోగు ప్రతి చప్పుడుకీ పైకెగురుతోంది. మిగతా అంచంతా శుభ్రంగా ఉంది.

"ఒక్కచోటే అక్కా! డాక్టరుగారు బాగుచేసేస్తారు చూడండి" అని అమ్మాయి దాదాపు అరిచింది.

అక్క తెర మీద నుంచి చూపు తిప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు జారి దిండు తడిసింది. అమ్మాయి కంగారుపడి, జెల్లు అంటిన చేత్తోనే ఆమె చేయి పట్టుకుంది.

"భయపడకండక్కా."

"భయం ఎవరికే? కుళ్ళు" అంది అక్క. "ఎంత బాగా తీశావే!"