మగ్గం గుంత నుంచి లేచిన మనిషి

పెళ్లయిన ఎనిమిదో ఏట మా ఆయన మగ్గం గుంతలోంచి పైకి లేవలేకపోయాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లు మగ్గం కింద నేల తవ్వి, ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. పన్నెండేళ్ల వయసు నుంచి అలా కూర్చున్న నడుము ఆ పొద్దు పట్టేసింది. నేనూ మా అత్తా చెరో రెక్క పట్టి లాగాం. తైలం రాశాం, ఇసుక వేయించి కాపడం పెట్టాం. నెల దాటినా వంగిన మనిషి వంగినట్టే ఉన్నాడు.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. యుద్ధకాలంలో రంగూన్ నుంచి నడిచి వచ్చిన మనిషి. అక్కడ పక్కింటి చీనా ముసలామె నేర్పిన కసరత్తు రోజూ తెల్లవారగానే వాకిట్లో చేసేది. మోకాళ్లు కాస్త వంచి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ, చేతులు మెల్లగా తిప్పేది. ఆమెకు కొంచెం తిక్కని వీధిలో అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను. కానీ డెబ్బై దాటిన ఆమె బావి నుంచి బిందె మోసుకుని నిటారుగా నడిచి వచ్చేది. ఒక రోజు వెళ్లి నేర్పమని అడిగాను.

"నీకా, నీ మొగునికా?"

ఆయన రాడని చెప్పాను.

"అయితే ముందు నువ్వే నేర్చుకోమ్మా. చూసి చూసి ఆయప్పే వస్తాడు."

పట్టు దారాన్ని కండెలకు చుట్టే చేతులు నావి, ఆగమంటే ఆగేవి కావు. ఊపిరి పూర్తిగా వదిలేదాకా ఆమె నన్ను కదలనిచ్చేది కాదు. చేతులు తిప్పే ఆ పనిని మబ్బులు తోయడం అంటారట. ఇవతల మా అరుగు మీద పడుకున్న మా ఆయన చెవిన ఆ మాట పడింది. ఆ ఏడు మాకు చినుకు లేదు.

"యాడుండాయి మబ్బులు, తోసేకి?" అన్నాడు.

నడుము పట్టినాక ఆయన ఆడిన మొదటి పరిహాసం అది. నాకు సంతోషమే వేసింది.

కొన్నాళ్లకు వెనక అలికిడైతే తిరిగి చూశాను. ఆయన వీధి దాటి వచ్చి, పెద్దమ్మ ఇంటి గోడ పట్టుకుని, నా కాలు చూసి తన కాలు జరుపుతున్నాడు.

"గోడ వదులు నాయనా. పడితే పట్టుకునేకి ఇద్దరుండాం" అంది పెద్దమ్మ.

వదిలాడు. పడలేదు.

మూడు నెలలకు మళ్లీ మగ్గం గుంతలోకి దిగాడు. మునుపటంత వేగం రాలేదు, మధ్య మధ్య పైకి వచ్చి నిలబడేవాడు. అయినా చీర పూర్తి చేశాడు. అది చూసి నడుము నొప్పులున్న నేతగాళ్లు ఒక్కొక్కరే రాసాగారు. వాకిలి చాలక వీధిలోకి జరిగాం. ఆ దారిన చేలకు పోయే బండ్లవాళ్లు, మా కసరత్తు అయ్యేదాకా ఎద్దులను నిలబెట్టుకుని, ఆ తర్వాతే తోలుకుని పోయేవాళ్లు.