నా కుడిపక్కన నాయిన

కొత్త గద్వాల చీర మడత విప్పితే ముందు గంజి వాసన, దాని వెనకే పట్టు వాసన వస్తాయి. మొన్న మనవరాలు అలాంటి చీర ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టి ఏదో అన్నది. నేను కుడివైపు తిరిగి చూశాను. అది ఎడమవైపు నిలబడి నవ్వుతోంది. ఎనభై దాటినా ఈ పొరపాటు నన్ను వదల్లేదు.

నిజాం పాలన ఇంకా ఉన్న ఆ రోజుల్లో, నా చిన్నతనంలో, చప్పుళ్లన్నీ నాకు కుడివైపు నుంచే వచ్చేవి. అందరికీ అంతేననుకున్నాను. కళ్లకు గంతలు కట్టుకొని ఆడేటప్పుడు పిల్లలు ఎటునుంచి కూసినా కుడివైపే ఉరికి గోడకు గుద్దుకునేదాన్ని. పీర్ల పండుగకు డప్పులు మోగగానే, బెల్లం కలిపిన మలీద ముద్దల మీది ఆశతో అందరికన్నా ముందు బయలుదేరి, ఏదో సందులో తేలి, దారి వెతుక్కొని వచ్చేసరికి పీర్లు దాటిపోయేవి, అక్క కొంగున దాచి తెచ్చిన ముక్కే నాకు దక్కేది.

"దీనికి కాళ్లున్నయి గని దిక్కులు తెల్వయి" అనేది మా అవ్వ. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఎందుకో మాత్రం అర్థమయ్యేది కాదు.

మాది మగ్గాల ఇల్లు. చీర ఒళ్లు నూలు, అంచులు పట్టు. పోగు పోగుకీ ఆ రెంటినీ కలపాలి గనుక నాయినకు చెరోపక్క ఒకరం కూర్చొని, ఆయన "ఎయ్" అనగానే అంచు పోగు చుట్టిన నాడె విసిరేవాళ్లం. నేను ఎడమపక్క, అక్క కుడిపక్క. అక్క పెళ్లై కొత్తకోటకు పోయాక తమ్ముణ్ణి ఎడమపక్క కూర్చోబెట్టి, నన్ను కుడిపక్కకు మార్చారు. అక్కడ మొదలైంది పీడ. నాకు కుడివైపున చిన్నాయిన మగ్గం. ఆయనా "ఎయ్" అనేవాడు. ఏది ఎవరి పిలుపో నాకు తెలిసేది కాదు. చిన్నాయిన అంటే విసిరేదాన్ని, నాయిన అంటే ఊరకుండేదాన్ని. అంచు కుదరక, విప్పిన పోగులే మళ్లీ విప్పి నాయినకు విసుగొచ్చింది.

"చిన్నాయిన మాటింటవు, నా మాట ఇనవా?" అని ఎడమ చెంప మీద కొట్టాడు. ఆయన నామీద చెయ్యి చేసుకోవడం అదొక్కసారే. ఏడవలేదు నేను. ఏం తప్పు చేశానో వెతుక్కుంటూ కూర్చున్నాను.

మర్నాడు, పట్టుకు రంగులద్దే ఖాసిం తాత వచ్చాడు. సంగతి విని, నన్ను కళ్లు మూసుకోమని, చుట్టూ తిరుగుతూ చిటికెలు వేశాడు. ఎటునుంచో చూపమంటే ప్రతిసారీ కుడివైపే చూపించాను. తరవాత నా కుడిచెవి అరచేత్తో మూసి, కళ్లు తెరవమని, నన్ను పిలవమని నాయినకు చెప్పాడు. ఎదురుగా నిలబడ్డ నాయిన మాట బావి అడుగునుంచి వచ్చినట్టుంది.

"పిల్లకు పొగరు గాదు. జర సూడు, ఎడమ చెవి ఇనవడతలేదు" అన్నాడు తాత.

నాయిన తన చేతిని చూసుకున్నాడు. "నిన్న నేనే కొట్టిన గదా" అన్నాడు.

నన్ను మళ్లీ తన ఎడమపక్కకు మార్చాడు. అంగడికి పోయినా, జొన్నరొట్టె ముందు కూర్చున్నా, చుట్టూ తిరిగి నా కుడిపక్కకే వచ్చి, వంగి, మెల్లగా మాట్లాడేవాడు.

పెద్దయ్యాక, నా బిడ్డకు తట్టు పోసిననాడు గుర్తొచ్చింది: అయిదేళ్లప్పుడు నాకూ తట్టు పోసి, తగ్గాక నెలరోజులు ఎడమ చెవి కారితే అవ్వ వెల్లుల్లి నూనె పోసింది. అసలు వినపడకే దెబ్బ తిన్నాను గాని, దెబ్బ తిన్నందుకు వినపడకపోలేదు గదా! ఇంత చిన్న సంగతి నాయినకు చెప్పాలి. చెప్పలేదు. చెబితే ఆ కుడిపక్క ఖాళీ అవుతుందని భయం. అది నా స్వార్థమే.

చివరి ఏడాది ఆయనకు రెండు చెవులూ మందగించాక, మంచం పక్కన కూర్చొని గట్టిగా చెప్పాను. "నాయినా, నా చెవి నీ దెబ్బకు పోలే, తట్టుకు పోయింది."

తల ఊపాడు. అంతకుముందు సల్ల తాగుతావా అని అడిగినా అట్లాగే ఊపాడు.

ఇప్పుడు మా ఇంట్లో మగ్గాల గుంటలు పూడ్చి బండలు పరిచారు. "ఎయ్" అనేవాళ్లు ఎవరూ లేరు. ఎటునుంచి పిలిచినా కుడివైపే తిరుగుతానని పిల్లలు నవ్వుతారు. చెవి వల్లనే అనుకుంటారు. సగం చెవి వల్లనే. మిగతా సగం, ఆ పక్కన నాయిన ఉంటాడని.