కొలత లేని దేవుడు

నేను తెప్పించిన టీని ఒకేసారి ఇద్దరు వద్దనడం ఎప్పుడూ చూడలేదు. మా పక్క కొట్టు టైలర్ భాయ్‌కి రంజాన్ ఉపవాసం. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన తెల్లచొక్కా, టై కుర్రాడు మోర్మన్లనే అమెరికా క్రైస్తవ శాఖ ప్రచారకుడట. "మేము టీ, కాఫీ ఎప్పుడూ తాగమండీ" అన్నాడు. తిరుపతిలో ఉంటూ కాఫీ ముట్టని మనిషా?

భాయ్ మాత్రం సంబరపడిపోయాడు. ఇద్దరికీ మందు నిషేధం, ఇద్దరికీ ఉపవాసాలు. ఈయన ప్రవక్తకు గుహలో దేవదూత వాక్యం వినిపిస్తే, ఆ కుర్రాడి ప్రవక్తకు అమెరికాలో ఒక గుట్ట మీద దేవదూత వాక్యం చెక్కిన బంగారు రేకులు చూపించాడట.

"మాదీ మీదీ ఒకే మాదిరి ఉండాదే" అన్నాడు భాయ్.

"దేవుడికి కూడా మనలాగే ఎముకలూ కండా ఉన్న శరీరం ఉందండీ" అన్నాడు కుర్రాడు.

కుట్టుమిషన్ టక్కున ఆగింది. "దేవునికి ఒళ్లేందప్పా? తప్పు, తప్పు" అంటూ భాయ్ చెంపలు వాయించుకున్నాడు.

నాకు చిర్రెత్తింది. మా వీధి గంగమ్మకు ఏటా పావడా కుట్టేది ఆయనే. అప్పుడు మిషన్ మీదున్నదీ అదే.

"మరి ఇదెవరికి భాయ్, గాలికా?"

"మీ అమ్మకు నడుముండాది. పూజారి కొలతిచ్చినాడు, కుట్టినాను. అల్లాకు కొలతే లేదప్పా" అని ఆయన మళ్లీ మిషన్ తొక్కాడు.

కుర్రాడూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఒళ్లున్న దేవుడి వైపు ఆ కొట్లో మిగిలింది మేమిద్దరమే.