పాట మధ్యలో గరగర

1987 వేసవి. నూజివీడు బస్టాండు దగ్గర నాకు క్యాసెట్ల షాపు ఉండేది. అప్పటికే ఒరిజినల్ ఆల్బమ్ కొనేవాళ్లు తగ్గిపోయారు. కావలసిన పాటలు చెప్పి ఖాళీ క్యాసెట్‌లో రికార్డింగ్ చేయించుకునేవాళ్లే ఎక్కువ. కొనే కొద్దిమందిలోనూ కొందరు ఘటికులు. ఇంట్లో కాపీ చేసుకుని, "పాడైంది, మార్చండి" అంటూ వచ్చేవారు. అందుకే క్యాసెట్ వెనక్కి తెచ్చినవాడెవడైనా నాకు దొంగలాగే కనిపించేవాడు.

మామిడితోటలు కౌలుకు చేసే యేసుపాదం ఒరిజినల్ తప్ప కొనడు. ఆ రోజు మాత్రం కోపంగా వచ్చి, పాత పాటల ఆల్బమ్ ఒకటి బల్ల మీద పడేశాడు.

"డూప్లికేట్ అంటగట్టారు కదండీ! పాట మధ్యలో ఆగిపోయి ఒకటే గరగర. రీలు చుట్టుకుపోద్దని వెంటనే ఆపేశా. కోతలుండి ఇప్పటిదాకా రాలేకపోయా."

తిప్పి చూశాను. ఒరిజినల్ క్యాసెట్‌కు అంచున ఉండే ట్యాబులు విరిచేసి ఉంటాయి. అవి లేకపోతే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. ఆ కన్నంలో కాగితం కుక్కితే మళ్లీ అవుతుంది. ఇందులో మామిడికాయల పెట్టెల్లో పరిచే పాత పేపరు ముక్క కుక్కి ఉంది. దొరికాడనుకున్నాను.

"ఇదేంటండీ?"

"నాకేం తెలుసు? ప్రభువు తోడు, నేను కాదు."

"మరి ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఆయన గొంతు తగ్గింది. "ఎవరూ లేరు. మా మరియమ్మ చాట్రాయి పుట్టింటికెళ్లిపోయింది. ఒక్క మాటైనా చెప్పలేదండీ."

భార్య సంగతి చెప్పి నాకు జాలి పుట్టిస్తున్నాడనిపించింది. నలుగురి ముందూ బండారం బయటపెడదామని డెక్‌లో పెట్టి సౌండ్ పెంచాను. పాట సగంలో ఆగింది. గరగర మొదలైంది. "అదిగో!" అన్నాడు. నేను ఆపలేదు. కోళ్ల అరుపులు వినిపించాయి. ఆ తరవాత ఒక ఆడగొంతు.

"ఏమండీ, మాట్లాడదామంటే పాట పెట్టుకుంటారు. అందుకే పాటలోనే చెప్తున్నా. మీరు తోటలో పడుంటే ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకోవాలా? మా అమ్మ దగ్గరికి పోతున్నా. ఆదివారం లోపు వచ్చి పిలిస్తే వస్తా. రాకపోతే, విని కూడా రాలేదనుకుంటా."

సౌండ్ తగ్గించాలని కూడా తోచలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఆదివారం ఎప్పుడో దాటిపోయిందండీ" అన్నాడు యేసుపాదం. కొత్త క్యాసెట్ ఇవ్వబోతే తీసుకోలేదు. పాతదే జేబులో పెట్టుకుని చాట్రాయి బస్సు కోసం పరుగెత్తాడు.

కొన్నాళ్లకు ఇద్దరూ కలిసి షాపుకు వచ్చారు. "ఆ పాట నేనే పాడుచేశాను, అలాంటిదే ఇంకోటి ఇవ్వండి" అందామె.

"వద్దండీ, నాకు అదే బావుంది" అన్నాడాయన.

ఎవరైనా క్యాసెట్ పాడైందని తెస్తే చివరిదాకా వినకుండా దొంగ అనుకోకూడదని అప్పుడు తెలిసింది. ఆ షాపు నడిపినన్నాళ్లూ అలాగే చేశాను. ఇంకోటి కూడా తెలిసింది. వాళ్లిద్దరూ వచ్చిన రోజు సాయంత్రం ఇంటికెళ్లి, రోజూలా టేప్‌రికార్డర్ పెట్టుకోకుండా మా ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంటండీ, షాపులో ఏం చేసొచ్చారు?"