బైండింగ్ అక్క చూసొచ్చిన రెండు లైబ్రరీలు

ప్రెస్సు వెనకాల పొడుగాటి గదిలో ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలు కుడుతున్న ఆవిడను వీధంతా బైండింగ్ అక్క అనే పిలుస్తుంది. చదువు పదో తరగతితో ఆగిపోయినా ఆవిడ చేతిలో పడని శాస్త్రం లేదు. అచ్చయి మడతపెట్టిన ఫారాలు వరస తప్పకుండా పేర్చాలంటే ఒకదాని చివరి మాట, తర్వాతిదాని మొదటి మాట చదివి చూసుకోవాలి. అలా గ్రహణాల గురించి ఒక సగం వాక్యం, మూత్రపిండాల గురించి ఇంకో సగం వాక్యం ఆవిడ బుర్రలో చేరి కూర్చునేవి. మిగతా సగం ఏమిటో తెలిసేదాకా ఆవిడకు తోచేది కాదు. భర్త కరెంటు లైన్‌మన్. భోజనాల దగ్గర ఆవిడ సగం చెబితే, మిగతా సగం ఆయన తన ఇష్టమొచ్చినట్టు అల్లి నవ్వించేవాడు.

కూతురికి పుస్తకాల కన్నా వాటిని తినే పురుగుల మీద మోజు. బాగుచేయించడానికి ఏ పాత పుస్తకం వచ్చినా ముందు తను దులపాల్సిందే. డిగ్రీ అయ్యేసరికి ఆ పిల్ల కంటికి కీటకశాస్త్రం తప్ప మరోటి ఆనలేదు. ఆ పై చదువుకు సొంత రాష్ట్రంలో సీటు దొరకలేదు. ప్రవేశ పరీక్ష రాస్తే బయటి రాష్ట్రాల్లో రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సీటిచ్చాయి. ఒకటి కొండల మీద, ఇంకొకటి రేవు పట్నంలో. ఏదో ఒకటి ఖాయం చేసుకోవడానికి పన్నెండు రోజుల గడువు.

మేనమామ కొండల మీదిదే పేరున్నదన్నాడు. పిన్ని అక్కడి చలికి పిల్ల ముడుచుకుపోతుందంది. లైన్‌మన్ నీ ఇష్టం తల్లీ అని తేల్చేశాడు. ఇవేవీ బైండింగ్ అక్కకు ఎక్కలేదు.

"చెప్పులు కొనాలన్నా కాలు పెట్టి చూస్తాం కదే. రెండేళ్ళు ఉండే చోటు కళ్ళతో చూడొద్దూ?" అని ప్రెస్సులో సెలవు చెప్పి, కూతుర్ని తీసుకుని రైలెక్కింది.

కొండల మీద భవనాలు అద్దంలా ఉన్నాయి. కూతురు డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడుతుంటే ఆవిడ లైబ్రరీకి వెళ్ళి, తన పనేమిటో చెప్పి, పురుగుల పుస్తకాల బీరువా చూపించమంది. ఒక్కొక్కటే తీసి వెన్ను నిమిరింది. అన్నీ బిగుతుగా ఉన్నాయి. తెరిచి చదివిన జాడ లేదు. ఆవిడ మొహం వాడిపోయింది. కూతురు రాగానే, ఇక్కడెవరూ చదవడం లేదని చెవిలో ఊది బయటికి నడిచింది.

రేవు పట్నంలో గోడలు పెచ్చులూడుతున్నాయి. కానీ అక్కడి పుస్తకాలు చూసి ఆవిడ ప్రాణం లేచొచ్చింది. అట్టలు ఊడాయి, కుట్లు తెగాయి, పేజీల అంచులు వేళ్ళ మరకలతో నల్లబడ్డాయి. ఇది కదా చదువంటే అనుకుంది.

తిరుగు రైల్లో ఆ మాటే అంటే కూతురు నెమ్మదిగా అంది. "వెనకాల తారీఖుల చీటీ చూశావా అమ్మా? నేను తీసిన నాలుగింట్లోనూ చివరి ముద్ర తొమ్మిదేళ్ళ కిందటిది. చిరిగినవి కుట్టేవాళ్ళు లేరంతే."

చీటీ చూడకపోవడం సరే, కొండల మీది పుస్తకాల్లో కుట్టుదారం తెల్లగా, కొత్తగా ఉండటం ఇప్పుడు ఆవిడకు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ నాటి పుస్తకానికి కొత్త దారమెందుకు? ఇంటికొచ్చినా ఆ ప్రశ్న ఆవిడను కూర్చోనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే కొండల మీది లైబ్రరీకి ఫోన్ చేసి, మీ పుస్తకాలు ఎవరు కుడతారని అడిగింది. వాళ్ళు కింది అంతస్తులోంచి ఒక ముసలి బైండరును పిలిచారు. ఇద్దరికీ వచ్చీరాని మూడో భాషలో అరగంట మాట్లాడుకున్నారు. ఏటా సెలవుల్లో మూడొందల పుస్తకాలు విప్పి కుడతాడట. అన్నిటికన్నా ముందు పాడై వచ్చేవి పురుగుల పుస్తకాలేనట. పిల్లలు వాటిని పట్టుకుని వానలో పొలాలంట తిరుగుతారట.

ఆవిడ ఫోన్ పెట్టేసి, చేతులు కట్టుకుని కూతురి ముందు నిలబడింది. "నేను పొరబడ్డానే. కొండల మీదికే వెళ్ళు. అక్కడ చదివేవాళ్ళూ ఉన్నారు, కుట్టేవాడూ ఉన్నాడు."

కూతురు నవ్వలేదు. "నేను రేవు పట్నానికి ఒప్పుకుంటూ నిన్ననే జవాబు పంపించేశానమ్మా."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడు కూతురు అంతదాకా చెప్పని సంగతి చెప్పింది. రేవు పట్నంలో డిపార్ట్‌మెంట్ మేడ మీద ఒక గదినిండా చెక్క సొరుగులున్నాయి. ఎప్పుడో ఎవరో పట్టిన పురుగులు వేలల్లో ఉన్నాయి. సగానికి పైగా వాటికి పేరు చీటీల్లేవు. అక్కడ పురుగుల చదువు చెప్పే మేడమ్ ఒక్కతే, చేతిసాయం లేక ఆ గది తలుపు తీయడమే మానేసింది.

"కొండల మీద అన్నిటికీ పేర్లు పెట్టేశారమ్మా. వాటిని నేను చదువుకోవాలంతే. రేవు పట్నంలో ఉన్నవి ఏమిటో ఎవరికీ తెలియదు. నాకు తెలుసుకోవాలనుంది."

తల్లికి కోపం రావాల్సింది. రాలేదు. ఆ సొరుగులు ఎంత పొడుగున్నాయి, మూత చెక్కదా అద్దానిదా, లోపల ఏ కాగితం పరిచారు అని ఒకదాని వెనక ఒకటి అడుగుతూ కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతే లైన్‌మనే వచ్చి కట్టేశాడు.

కూతురు వెళ్ళాక మొదటి ఆరు నెలలూ కష్టంగానే గడిచాయి. హాస్టల్లో నీళ్ళు రావు, లైబ్రరీలో కావలసిన పుస్తకం దొరకదు. కొండల మీదికి వెళ్ళాల్సిందేమో అని ఆ పిల్ల ఒకసారి ఫోన్లో ఏడ్చింది కూడా. తల్లి ఓదార్చిందే గాని నేను చెప్పలేదా అని మాత్రం అనలేదు. సెలవుల్లో తనే అక్కడికి వెళ్ళి, వారం రోజులుండి, ఎనభై పుస్తకాలు కుట్టి వచ్చింది.

రెండో ఏడు నలభయ్యో సొరుగులో గోరంత పెంకుపురుగు ఒకటి బయటపడింది. ఏ పట్టికలోనూ అలాంటిది లేదు. మేడమ్ దాని బొమ్మలు తీయించి, తెలిసిన పెద్దలకు పంపింది. జవాబు ఇంకా రాలేదు. ప్రతి ఆదివారం ఫోన్ మోగగానే బైండింగ్ అక్క బాగున్నావా అని కూడా అడగదు.

"అదేమిటో తేలిందా?" అంటుంది.