అర నిమిషం ముందు

ఒక మనిషి చేతికున్న మంచి పేరును నేను పాడుచేశాను. ఆ సంగతి ఇన్నేళ్లుగా గుండెల మీద బరువుగా కూర్చుంది. నా భార్యకు చెప్పలేదు. గుడిలో కూడా నోరు విప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే వ్యవహారం ఇంతదాకా వచ్చేది కాదు.

తమిళనాడు ధర్మపురిలో నాకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ప్రపంచకప్ వచ్చిందంటే దాని వెనక గోడౌన్లో వీధివాళ్లం పదిహేనుమంది టీవీ ముందు చేరేవాళ్లం. ఒకడు మనవాళ్లు గెలిచిన రోజు వేసుకున్న చొక్కా ఉతకడు. ఇంకొకడు సిక్సర్ పడ్డప్పుడు కాలు మీద కాలుంటే, తిమ్మిరెక్కినా ఇక దించడు. ఎవడైనా లోపలికి రాగానే వికెట్ పడితే వాడికి రాశి లేదని, వాడి రాక అచ్చిరాదని బయటికి పంపేవాళ్లు. అక్కడ మైదానంలో ఆడేవాళ్లు మేమెక్కడ కూర్చున్నామో చూసుకుని ఆడుతున్నట్టు! నేను ఇవేవీ నమ్మేవాణ్ణి కాదు. నమ్మేవాళ్లను చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి. తెలివైనవాణ్ణి కదా.

మాతో మ్యాచ్ చూడటానికి వచ్చే చెన్రాయుడు ఇళ్లు కట్టే మేస్త్రి. దగ్గర్లోని ఇండూరు మనిషి, మాలాగే ఇంట్లో తెలుగు. చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టినా పసుపు పూసి, పూజ చేసి, ద్వారబంధం అతని చేతే నిలబెట్టించేవాళ్లు. ఆ చెయ్యి పడిన ఇల్లు చల్లగా ఉంటుందని పేరు. ఆ పేరు మీదే అతనికి పనులు వచ్చేవి.

సెమీఫైనల్ రోజు నేను ఎప్పటిలాగే పెద్ద పండితుడిలా వ్యాఖ్యానం చెబుతున్నాను. మనవాడి ప్యాడ్‌కు బంతి తగలగానే ఔటేనని తేల్చేశాను.

"లేదన్నా, బంతి లెగ్ స్టంపు బయట పడిండాది. ఔటియ్యరు," అన్నాడు వెనక నిలబడ్డ చెన్రాయుడు.

రివ్యూలో అతను చెప్పినట్టే అయింది. అందరూ నన్ను చూసి నవ్వారు. అంతే. నాకు అతని మీద కుళ్లు పుట్టడానికి అంతకు మించి కారణం లేదు.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. మనవాళ్లదే మొదట బ్యాటింగ్. మా టీవీ నెట్‌తో నడిచేది. అక్కడ బంతి పడ్డ అర నిమిషానికి గానీ ఇక్కడ బొమ్మ వచ్చేది కాదు. ఫోన్‌లో స్కోరు ముందే తెలిసిపోయి మజా పోతుందని అందరి ఫోన్లూ ఒక స్టీలు డబ్బాలో వేయించేవాణ్ణి. కొట్టు నాది కనుక నా ఫోన్ నా దగ్గరే.

చెన్రాయుడు వాకిట్లో చెప్పులు విడుస్తున్నాడు. ఫోన్‌లో వికెట్ పడింది. టీవీలో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు. "రా మేస్త్రీ, లోపలికి రా, ఈడ కూసో," అని ఎన్నడూ లేని ప్రేమతో పిలిచాను. అతను కూర్చోగానే టీవీలో స్టంపులు ఎగిరాయి. కాసేపాగి టీలకు పంపాను. గ్లాసులతో వచ్చి గడప అవతల జంకుతున్నవాణ్ణి, ఫోన్ చూసి, సరిగ్గా సమయానికి పిలిచాను. ఇలా మూడుసార్లు.

మూడోసారి నేనే గట్టిగా అన్నాను. "వీనికి రాశే లేదప్పా. కాలు పెడితే వికెట్టు పోతాది, చెయ్యి పెడితే ఇల్లేం నిలుస్తాది?"

అతను గ్లాసులు కింద పెట్టి వెళ్లిపోయాడు.

మనవాళ్లు ఓడిపోయారు. అవతలివాళ్లు బాగా ఆడి ఉండొచ్చని ఆ గోడౌన్లో ఒక్క బుర్రకూ తోచలేదు. వారం తిరిగేసరికి నా మాట వీధి దాటింది. చెట్టికరైలో ఇల్లు కడుతున్న మా చిన్నాన్న ద్వారబంధానికి వేరే మేస్త్రిని పిలిచాడు. ఆ తర్వాత ఇంకొకరు, మరొకరు. ఏడాదిలో చెన్రాయుడు హోసూరు వెళ్లి ఎవరి కిందో సిమెంటు కలిపే పనిలో చేరాడు. నేను ఒక్క మాట చెబితే ఆగిపోయేది. ఎందుకు చెప్పలేదు? నాకు పోయేదేముంది? మళ్లీ నవ్వుతారు, అంతేగా. ఎవరినైతే వెధవలని తీసిపారేశానో ఆ పదిహేనుమంది నవ్వుకే భయపడ్డాను.

పోయిన నెల అతను ఇండూరులో సొంతిల్లు మొదలుపెట్టి నన్ను పిలిచాడు. రెండు గదుల ఇల్లు. ద్వారబంధం దగ్గర ఎవరో మేస్త్రి ఉన్నాడు. చెన్రాయుడు దూరంగా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"నీ ఇంటికి నువ్వే నిలపరాదా?" అన్నాను.

"వద్దన్నా. నా చేతికి రాశి లేదు కదా. బిడ్డలుండే ఇల్లు. మీది మంచి చెయ్యి, మీరు పట్టుకోండి."

పట్టుకున్నాను. తడి పసుపు చేతికంటింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అరిటాకు ముందు కూర్చుని తృప్తిగా భోంచేసి వచ్చాను.

ఇప్పుడు రాశాక కాస్త తేలికగా ఉంది, అబద్ధమెందుకు. ఇంకొక్క సంగతి కూడా చెప్పేయాలి. మా వీధిలో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. చెన్రాయుడికీ తెలుగు చదవడం రాదు. మా తాత నేర్పాడు కనుక నాకు వచ్చు. తమిళంలో రాస్తే ఇది రేపే అతని చేతికి చేరుతుంది. అందుకే తెలుగులో రాశాను.